పులిసినవన్నీ ఒకటి కాదండి: ఇడ్లీ, మజ్జిగ, ప్రోబయోటిక్ పొడి

అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే ఎంవీపీ కాలనీ వాళ్ళే కాకుండా గాజువాక నుంచి, పెందుర్తి నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం. టైమ్ తక్కువుంది కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్ళిపోతాను. ఈమధ్య బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్ళినా, మందుల షాపుకి వెళ్ళినా ప్రోబయోటిక్, అంటే ఒంటికి మేలుచేసే బతికున్న సూక్ష్మజీవులు, అనే మాటే వినబడుతోంది, యూట్యూబ్‌లో అయితే ఇడ్లీ, ఆవకాయ, చద్దన్నం, అన్నీ ప్రోబయోటిక్సే అని ఒకే గాటన కట్టేస్తున్నారు. నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పేదాన్ని, పులిసిన తిండి అంటే నాకు ప్రాణం, అందుకే ఈ కలగాపులగం చూస్తే బాధేస్తుంది. పులియబెట్టినది వేరు, నోట్లోకి వెళ్ళేసరికి బ్యాక్టీరియా బతికున్నది వేరు, ఫలానా సమస్యకి పనిచేస్తుందని మనుషుల మీద పరీక్షించి తేల్చినది వేరు. మూడూ మంచివే, కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యదు, ఇవాళ మీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే.

ముందు పేగుల గురించి రెండు మాటలు. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో లెక్కేశారు, అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే. మనకి అరగని పీచుని అవి లోపల పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, పెద్దపేగు లోపలి పొరకి ముఖ్యమైన తిండి ఆ బ్యుటిరేటే. దానికి కావలసిన సరుకు ఏంటంటే రైతుబజార్లో రోజూ దొరికే తోటకూర, గోరుచిక్కుడు, అరటిదూట, పప్పులు, చోళ్ళు అంటే రాగులు. ఇవేమీ తినకుండా రోజుకో క్యాప్సూల్ వేసుకుంటే చాలనుకోవడం కరెక్ట్ కాదండి, బయట నుంచి వెళ్ళిన బ్యాక్టీరియా చాలామందిలో కొన్నాళ్ళుండి వెళ్ళిపోతాయి, స్థిరంగా కాపురం పెట్టవు.

ఇప్పుడు ఇడ్లీ. పిండికి మనం తోడు వెయ్యం కదా, అయినా తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగుతుంది. మినప్పప్పుతో పాటే వచ్చే ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ పొంగు చాలావరకు దాని చలవే, అదీ దాని తోటివీ కలిసి చేసే లాక్టిక్ ఆమ్లం వల్ల పులుపొస్తుంది. ఈలోగా పప్పులో ఉండే ఫైటేట్లు, అంటే ఐరన్‌ని జింక్‌ని పట్టుకుని మన ఒంటికి అందనివ్వని పదార్థాలు, తగ్గుతాయి, గ్యాస్ తెప్పించే కొన్ని చక్కెరలు కూడా విరిగిపోతాయి. జ్వరం తగ్గినవాళ్ళకి పెద్దవాళ్ళు ముందు ఇడ్లీ పెట్టడంలో అర్థముంది. కానీ ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు ఉడికాక ఆ బ్యాక్టీరియా బతికుండదు, అట్టు సంగతీ అంతే. మన మాడుగుల హల్వా కూడా చూడండి, గోధుమ పాలని పులియబెట్టే చేస్తారు, తర్వాత నేతిలో అంతసేపు ఉడికిస్తారు కాబట్టి రుచి మిగులుతుంది, ప్రాణమున్న బ్యాక్టీరియా మిగలదు.

మరి బతికున్నవి ఎక్కడున్నాయి అంటే మజ్జిగలో ఉన్నాయి. ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో లాక్టోబాసిల్లస్, లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతులవి రకరకాలుగా ఉంటాయి, ఇంటింటికీ తేడా ఉంటుంది. పాలు తాగితే ఉబ్బరం, పెరుగన్నం తింటే ఏమీ అవదు అనేవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. పాలలో లాక్టోస్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ వాళ్ళ పేగుల్లో తక్కువగా ఉంటుంది, పెరుగులోని బ్యాక్టీరియా కొంత లాక్టోస్‌ని గిన్నెలోనే తినేస్తాయి, మిగతాది అరగడానికి తమ ఎంజైమ్‌ని మన పేగు దాకా మోసుకొస్తాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఈ ఒక్క విషయాన్ని నిరూపితమైనదిగా ఒప్పుకుంది, వాళ్ళు ఇలాంటివి అంత తేలిగ్గా ఒప్పుకోరు. అయితే మజ్జిగ పులుసు పెడితే మరుగుతుంది, బ్యాక్టీరియా పోతుంది. మజ్జిగ చారులో పోపు చల్లారాక కలిపితే బతుకుతుంది. పెరుగు పచ్చడీ అంతే, ముక్కలు చల్లారాకే పెరుగు వెయ్యండి. ఎంత చిన్న తేడానో చూడండి, ఖర్చు కూడా లేదు.

చద్దన్నం గురించి, అంబలి గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మన ఉత్తరాంధ్రలో పొలానికెళ్ళేవాళ్ళని, వేటకెళ్ళేవాళ్ళని ఎన్నో తరాలు నిలబెట్టిన తిండి ఇది, మధ్యలో పేదవాళ్ళ తిండని చిన్నచూపు చూసి వదిలేశాం, అది నిజంగా నష్టం. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం గట్టిపడి చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగుకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియాకి అది మేత. చోడి పిండిని ముందురోజు కలిపి పులియబెట్టి, నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగుతామే, అందులో పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి, ఉడికించడంలో పోయిన బ్యాక్టీరియాని చివర్లో పోసిన మజ్జిగ మళ్ళీ తెస్తుంది. చోళ్ళలో కాల్షియం వంద గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, అది ఒంటికి అందాలన్నా ఈ పులియబెట్టడం సాయం చేస్తుంది.

కానీ వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు, రాత్రికి రాత్రి చద్దన్నంలో ఐరన్ ఎన్నో రెట్లు పెరిగిపోతుందట. ఐరన్ ఒక మూలకమండి, బ్యాక్టీరియా దాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని మనకి అందేలా వదులు చెయ్యగలదు అంతే. ఇంకో జాగ్రత్త, వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గింజల రూపంలో బతికుంటుంది, వైజాగ్ ఉక్కపోతలో అన్నం ఊరికే బయట వదిలేస్తే అది మొలకెత్తి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేడిచేసినా వాంతులు తెప్పించే ఆ విషం పోదు. అందుకని అన్నం ఆరిన వెంటనే నీళ్ళూ, నాలుగు చెంచాల పుల్లటి మజ్జిగా కలిపి మూత పెట్టండి, పులుపు త్వరగా ఎక్కితే ఆ బ్యాక్టీరియాకి ఎదగడం కష్టమవుతుంది. జిగురు సాగినా, కంపు కొట్టినా పారబొయ్యాలి, మొహమాటపడొద్దు.

ఆవకాయ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, అంత ఉప్పు, అంత నూనె, మామిడికాయ పులుపు ఉన్నాక మేలుచేసే బ్యాక్టీరియా దండిగా పెరిగే చోటు కాదది. రుచి కోసం తినండి, బీపీ ఉన్నవాళ్ళు తగ్గించి తినండి.

ఇక మూడోది, మందుల షాపులో దొరికేది. తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్ అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి చెప్పాయి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం ప్రోబయోటిక్ అని అమ్మే ఆహారంలో సాధారణంగా రోజు మోతాదుకి కనీసం పది కోట్ల సజీవ కణాలు ఉండాలి. ప్యాకెట్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి స్ట్రెయిన్ పేరు, అంటే ఆ బ్యాక్టీరియాలో ఫలానా రకం పేరు, సజీవ కణాల సంఖ్య, ఎక్స్‌పైరీ చూడండి, స్ట్రెయిన్ రాయకుండా లాక్టోబాసిల్లస్ అని మాత్రమే రాసుంటే అది ఏ పరీక్షలో నెగ్గిందో మనకి తెలిసే దారి లేదు.

గట్టి సాక్ష్యం ఉన్నది యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు వచ్చే విరేచనాలకి. పిల్లల మీద జరిగిన 33 ట్రయల్స్ అన్నీ కలిపి 2019లో చూస్తే, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో 8 శాతం మందికి, తీసుకోనివాళ్ళలో 19 శాతం మందికి విరేచనాలు వచ్చాయి. ఇక్కడ మనం గర్వపడాల్సిన విషయం ఒకటుంది, 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన పరిశోధన విభాగమే, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. ఆ కుటుంబంలోదే మనం ఇప్పుడు వాడే డాక్సీసైక్లిన్, దాన్నీ, సిప్రోఫ్లాక్ససిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌నీ పెరుగన్నంతో కలిపి మింగొద్దు, పెరుగులోని కాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది, ఎంత గ్యాప్ ఇవ్వాలో డాక్టర్ని అడగండి.

మామూలు విరేచనాలకి మాత్రం ముందు ఓఆర్ఎస్, పిల్లలకైతే జింక్ కూడా. 2020లో పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి చూసినప్పుడు రెండ్రోజులు దాటి సాగే విరేచనాలని తగ్గించడంలో ప్రోబయోటిక్స్ వల్ల పెద్ద తేడా కనబడలేదు. పొడి ప్యాకెట్ కలిపాం కదా అని ఓఆర్ఎస్ మానేస్తే బిడ్డ ఒంట్లో నీళ్ళు అయిపోతాయి, ఇది తల్లులందరికీ చేతులెత్తి చెప్తున్నాను.

అలాగని ఇవి పనికిరావని కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కదా, అక్కడి పల్లెల్లో పినాకి పాణిగ్రాహి గారి బృందం 4,556 మంది అప్పుడే పుట్టిన పిల్లల మీద చేసిన ట్రయల్ 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక స్ట్రెయిన్‌ని దాని మేతతో కలిపి వారం రోజులు ఇచ్చారు, సెప్సిస్, అంటే ఒళ్ళంతా దెబ్బతీసే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ గానీ, మరణం గానీ 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ వాళ్ళు పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న, తగినంత బరువున్న పిల్లలు, ఎంచుకున్నది ఒక ప్రత్యేకమైన స్ట్రెయిన్. నెలలు తక్కువ పుట్టిన పసికందులకి ఇలాంటివి ఇవ్వడం ప్రమాదం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో హెచ్చరించింది. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు, సెంట్రల్ లైన్, అంటే పెద్ద రక్తనాళంలోకి గొట్టం, పెట్టుకున్న రోగులు డాక్టర్ చెప్పకుండా ఏ ప్రోబయోటిక్కూ వేసుకోకూడదు.

ఇక ప్రశ్నలడగండి. ఇంట్లో ఎవరైనా యాంటీబయాటిక్ కోర్సులో ఉంటే మందు పేరు కూడా చెప్పండి, దాన్ని బట్టి పెరుగు ఎప్పుడు తినాలో ఇక్కడే మాట్లాడుకుందాం.