తిక్కన పక్కన రన్నణ్ణి కూర్చోబెడితే

సభకు నమస్కారం. నెల్లూరు పురమందిరంలో తిక్కన గురించి మాట్లాడటం కంటే తేలికైన పని లేదు. నాలుగు పద్యాలు రాగం తీసి చదివి, మనవాడని ఒక్కసారి అంటే చప్పట్లు పడతాయి. ఇవాళ ఆ పని పెట్టుకోను. డిగ్రీ పూర్తి కావొచ్చిన పిల్లలు ఎక్కువమంది వచ్చారన్నారు గనక, యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్యం చదవడమంటే ఏమిటో చెబుతాను.

మన దగ్గర చాలావరకు జరుగుతున్నది ఇదీ: ఇద్దరు కవుల్ని తీసుకోవడం, సామ్యాలొక అధ్యాయం, భేదాలొక అధ్యాయం, చివర ఇద్దరూ మహాకవులేనని తేల్చడం. పెళ్లికి జాతకాలు చూసినట్టుంటుంది. పట్టా వస్తుంది, ప్రశ్న మాత్రం పుట్టదు. ఒకే కథ ఒక భాషలో ఇటూ, ఇంకో భాషలో అటూ ఎందుకు తిరిగింది? నా లెక్కలో చదువు అక్కడ మొదలవుతుంది.

కన్నడంలో పంపడు క్రీ.శ. 941 నాటికి భారతం రాశాడు. ఆయన ప్రభువు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి. కావ్యంలో ఆ రాజే అర్జునుడు. రాజుగారి భార్యను ఐదుగురికి పంచలేరు గదా! అందుకని పంపడి ద్రౌపది ఒక్క అర్జునుడికే భార్య. చివర పట్టాభిషేకమూ అర్జునుడికే. అదే శతాబ్దం చివర్లో కన్నడంలోనే రన్నడు గదాయుద్ధం అనే కావ్యం రాశాడు. ఈసారి రాజు చాళుక్య సత్యాశ్రయుడు, భీముడయ్యాడు. తీరా చదివితే మనసు లాగేది దుర్యోధనుడు. సంజయుణ్ణి వెంటబెట్టుకుని రణభూమిలో శవాల మధ్య నడుస్తాడు. ద్రోణుణ్ణి, దుశ్శాసనుణ్ణి, కర్ణుణ్ణి చూసి కుమిలిపోతాడు. అభిమన్యుడు పడి ఉన్నచోట ఆగి, శత్రువు కొడుకని కూడా చూడకుండా, నీ సాహసంలో కొంతైనా ఉన్న చావు నాకూ రావాలంటాడు. భీముణ్ణి పొగడాల్సిన కవి భీముడి పగవాడి మీద ఇంత జాలి ఎందుకు పుట్టించాడు?

ఇప్పుడు తిక్కన దగ్గరికి రండి. మనుమసిద్ధి ఆస్థానం, మంత్రి పదవి. నిర్వచనోత్తర రామాయణం ఆ రాజుకే అంకితం. భారతం వంతు వచ్చేసరికి, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలూ హరిహరనాథుడికి, అంటే శివకేశవులు ఒక్కటైన దేవుడికి. మనుమసిద్ధి ఏ పాత్రలోనూ దూరలేదు. మనం దీన్ని భక్తి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పంపణ్ణీ రన్నణ్ణీ చదివొచ్చినవాడికి అట్లా తేల్చబుద్ధి కాదు. ఏ రాజునూ గెలిపించి చూపాల్సిన అవసరం లేని కవి, మడుగులో దాగిన దుర్యోధనుడి చేత ఏం మాట్లాడించాడు? శల్యపర్వం తీసి, రన్నడి పక్కన పెట్టుకుని చూడండి. ఇక ఎర్రనది ఇంకో చిక్కు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కళ్లెదుట ఉండగా, అరణ్యపర్వ శేషాన్ని నన్నయ పేరుతోనే పూర్తిచేసి, రెండున్నర శతాబ్దాల కిందటే పోయిన రాజరాజనరేంద్రుడికి వినిపించాడు. (హరివంశం వేమారెడ్డికే ఇచ్చాడు లెండి.)

కన్నడం రాదు సార్ అంటారు. లిపి మనకు వారం పని. హళగన్నడం, అంటే ఈ కవుల నాటి పాత కన్నడం, మాత్రం వారం పని కాదు, ముందే చెబుతున్నాను. అనువాదాలు చదవండి, తప్పులేదు. ఒక్క పరభాషలోనైనా మూలం చదవగలిగితేనే ఈ దారిన రండి. షేక్‌స్పియర్ కోసం పరుగెత్తేముందు పొరుగు చూసుకోండి. బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లో అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తిరగేస్తే, తెలుగు శాసనాల సరసనే తమిళ శాసనాలు కనిపిస్తాయి; తమిళమూ మన పొరుగే.

ఈ చదువుకు చోటు అడుగుతారా? కలకత్తాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956లో బుద్ధదేవ్ బోస్ తులనాత్మక సాహిత్య శాఖ మొదలుపెట్టారు. మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్య కేంద్రం ఉంది. ఉద్యోగమంటే పాఠం చెప్పడం, అనువాదం, ప్రచురణ రంగం. ఇంతకంటే ఆశపెట్టి మీ అమ్మానాన్నల చేత తిట్టించుకోలేను.

తడ, సూళ్లూరుపేట నుంచి తమిళం చదవగలిగినవాళ్లు వచ్చి ఉంటే, సభ అయ్యాక నన్ను కలవండి. విల్లిపుత్తూరర్ తమిళ భారతంలో దుర్యోధనుడి ఆఖరి ఘట్టం మీ చేత చదివించుకోవాలి. ఆ పక్కన తిక్కన పద్యాలు నేను చదువుతాను.