హోల్బైన్ గీసిన చావు అందరికీ ఒకేలా రాదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం మొదలుపెడితే నా టైం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. నాకిచ్చిన అంశం యూరప్ చిత్రకళలో అందరినీ సమానం చేసే మృత్యువు. ఆ 'సమానం' దగ్గరే నాకు పేచీ.

1347లో యూరప్‌లోకి ప్లేగు వచ్చి ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. తర్వాత 1424-25లో పారిస్‌లోని హోలీ ఇన్నోసెంట్స్ శ్మశానం గోడ మీద ఒక వరస బొమ్మలు వేశారు, పోప్ నుంచి పసిబిడ్డ దాకా ఒక్కొక్కరినీ ఒక్కో శవం నాట్యానికి లాక్కెళుతున్నట్టు. 1669లో ఆ గోడ కూల్చేశారు. జర్మనీలో ల్యూబెక్ చర్చిలోనూ ఇలాంటి వరసే ఉండేది, దానికి 1701లో వేసిన నకలు కూడా 1942 బాంబుదాడిలో కాలిపోయింది.

ఇంకా చాలా చెప్పాలనుకున్నాను కానీ వదిలేస్తున్నాను, జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ దగ్గరికి వెళదాం. మృత్యువు ఒక్కొక్కరి దగ్గరికీ రావడాన్ని ఆయన గీశాడు, 1538లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పుస్తకంగా అచ్చయిన 41 చెక్క అచ్చు బొమ్మలు, ఒక్కోటి ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తు, అంతే. ఆ గీతల్ని చెక్క మీద చెక్కిన లుట్జెల్‌బర్గర్ పుస్తకం రాకముందే 1526లో పోయాడు. అందులో జడ్జి డబ్బున్నవాడి వైపు చెయ్యి చాపుతుంటాడు, పేదవాడు పక్కన నిలబడే ఉంటాడు, మృత్యువు వెనక నుంచి జడ్జి అధికార దండం లాగేసుకుంటుంది. ధనవంతుడి గదిలోకైతే నేరుగా వెళ్లి బల్ల మీది నాణేలకే చెయ్యి వేస్తుంది.

ఇప్పుడు రైతును చూడండి. చిరుగుల బట్టలు, ముసలి ఒళ్లు, ముందు నాలుగు గుర్రాలు, దూరంగా చర్చి వెనక సూర్యుడు దిగిపోతున్నాడు. మృత్యువు ఆయన మీద చెయ్యే వెయ్యదు, గుర్రాల పక్కన పరిగెడుతూ వాటిని అదిలిస్తుంది, నాగటి చాలు తొందరగా అయిపోవాలన్నట్టు! ఇది సమానంగా చూడడమా? కాదు, మనిషిని బట్టి చూడడం.

మరి గుడిసె బొమ్మ? పైకప్పు శిథిలమైంది, తల్లి పొయ్యి దగ్గర ఉంది, మృత్యువు చిన్నవాడి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటిస్తోంది, వాడు వెనక్కి చెయ్యి చాపుతున్నాడు. ఆ తల్లికి వెళ్లి "పోప్ కూడా పోతాడమ్మా" అని చెప్పగలరా? మనం చావు ఇళ్లకు వెళ్లి "ఎంతటివాళ్లయినా పోవాల్సినవాళ్లే" అంటూ ఉంటాం. దయచేసి పేదింట్లో, అందులోనూ వైద్యం అందక బిడ్డ పోయిన ఇంట్లో, ఆ మాట అనకండి. ఆ బిడ్డకు రాజుగారంత ఆయుష్షు దక్కిందా అన్నది ముందు అడగాలి.

ఈ బొమ్మలు మ్యూజియంల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ముందు జడ్జి, తర్వాత రైతు, చివర గుడిసె, ఈ వరసలో పెద్దవి చేసి మీ పిల్లలతో కూర్చుని చూడండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.