ఆ గంటన్నర మనం అడగాలి

అందరికీ నమస్కారమండీ. మన గుంటూరులో రైలు పట్టాల మీద ఉన్న శంకర్ విలాస్ వంతెన గురించి నాలుగు ముక్కలు మాట్లాడమని కాలనీ సంఘం వాళ్లు పిలిచారు. మునిసిపల్ ఇంజనీరింగులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి, తెలిసినంత చెబుతాను. వంతెన పేరు చెప్పి నేను అసలు మాట్లాడాలనుకున్నది, మనం ఓటేసి పంపిన మనిషి మన కోసం చేసే పని ఎట్లా ఉంటుందన్న సంగతి.

పాత వంతెన 1958 నాటిది. అప్పటి గుంటూరుకి ఆ వెడల్పు సరిపోయింది. ఇటు అరండల్‌పేట, బ్రాడీపేట. అటు ఏసీ కాలేజీ, పెద్దాసుపత్రి. మధ్యలో రైలు పట్టాలు. పల్నాడు నుంచీ, ప్రకాశం నుంచీ కూడా రోగులొచ్చే ఆసుపత్రి అది. సాయంత్రం పూట వంతెన మీద 108 బండి ఇరుక్కుపోయి సైరన్ మోగుతుంటే, ముందున్న బండ్లకి పక్కకి జరిగే చోటు కూడా లేకపోవడం మనందరం చూసిందే. ఆ మోత విన్నప్పుడల్లా, లోపల ఉన్నది ఎవరింటి మనిషో అని నాకు కడుపులో దేవినట్టుండేది. కొత్త వంతెన కావాలని ఈ ఊరు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది.

2024లో ఎంపీగా గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయిన పెమ్మసాని చంద్రశేఖర్ గారు దీన్ని పట్టుకున్నారు. కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధి నుంచి 98 కోట్లు మంజూరయ్యాయి. 2025 మేలో శంకుస్థాపన జరిగింది. ఆగస్టులో పాత వంతెన మూసేశారు. దాని చోట నాలుగు వరసల వంతెన రావాలి. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. ఎవరు చేసినా దీన్ని మంచి పనే అంటాను. ఎందుకో లెక్క చెబుతాను, వినండి.

ఎంపీ తన నియోజకవర్గానికి సిఫారసు చేసుకునే నిధి ఏడాదికి 5 కోట్లు. 1993 డిసెంబరులో మొదలైన పథకమిది, 2011-12లో 5 కోట్లకి పెరిగింది. గుంటూరు పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. తాడికొండ, మంగళగిరి, పొన్నూరు, తెనాలి, ప్రత్తిపాడు, మన గుంటూరు తూర్పు, గుంటూరు పశ్చిమ. సమానంగా పంచితే ఒక్కోదానికి ఏడాదికి 71 లక్షలొస్తాయి. ఏ ఊరికీ పైసా ఇవ్వకుండా అంతా దాచిపెట్టినా, 98 కోట్లు పోగవడానికి పందొమ్మిదేళ్లు దాటుతుంది. పైగా ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పని సూచిస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అందుకని ఇంత పెద్ద పని కావాలంటే ఢిల్లీలో మంత్రిత్వ శాఖల చుట్టూ ఫైలు వెంట తిరగాల్సిందే.

ఆ 98 కోట్లు ఎవరివో కూడా తెలుసుకోవాలి. బంకులో పెట్రోలు, డీజిలు పోయించుకున్న ప్రతిసారీ మనం సెస్సు కడుతున్నాం. ఆ సెస్సు 2000 సంవత్సరపు చట్టం కింద ఉన్న రోడ్డు నిధికి చేరుతుంది. వంతెనకి డబ్బిచ్చింది ఆ నిధే, దానికే 2018లో మౌలిక వసతులు కూడా కలిపి పేరు మార్చారు. మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసుకొచ్చే లారీ డ్రైవరు కట్టిన డబ్బూ అందులో ఉంది. మన డబ్బుని మన ఊరికి తెప్పించినందుకు ఎంపీ గారికి మనస్ఫూర్తిగా నమస్కారం పెడదాం. దానంగా మాత్రం తీసుకోవద్దు. దానం పుచ్చుకున్నామనుకుంటే, మళ్లీ నోరు తెరిచి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. అడగాల్సింది ఇంకా చాలా ఉంది.

వంతెన కట్టడం ఒక్క శాఖ పని కాదండీ. పట్టాల మీద గడ్డర్లు పెట్టాలంటే రైల్వే వాళ్లు డ్రాయింగు ఒప్పుకోవాలి, రైళ్లు ఆపి బ్లాకు, అంటే పని చేసుకునే సమయం, ఇవ్వాలి. అప్రోచ్ రోడ్డు కింద కార్పొరేషను మంచినీళ్ల పైపులు, మురుగు లైన్లు ఉంటాయి. పక్కనే కరెంటు వాళ్ల కేబుళ్లు. స్థలం తీసుకునేది రెవెన్యూ వాళ్లు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక్క పైపు లైను మార్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలా అని రెండు శాఖలకి పేచీ వచ్చింది. ఎనిమిది నెలలు పిల్లరు గుంట అట్లాగే ఉండిపోయింది. ఒక వానరాత్రి సైకిలు మీద వస్తున్న మనిషి అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేనే వెళ్లి చూశాను, ఈ రోజుకీ మర్చిపోలేను. ఆ తర్వాత అక్కడి ఎమ్మెల్యే రెండు శాఖల ఇంజనీర్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, సంతకాలయ్యేదాకా లేవనివ్వలేదు. గంటన్నరలో తేలిపోయింది. ఆ గంటన్నర గురించి ఏ పేపర్లోనూ రాలేదు, ఏ ఫ్లెక్సీ మీదా వేయలేదు. ఆయన ఐదేళ్లలో చేసిన పనుల్లో నాకు అదే పెద్దదిగా కనిపిస్తుంది.

మనకి ఎమ్మెల్యేలుగా తూర్పున నసీర్ అహ్మద్ గారున్నారు, పశ్చిమాన గళ్లా మాధవి గారున్నారు. వాళ్లిద్దర్నీ మనం అడగాల్సింది ఆ గంటన్నర. నెలకోసారి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టమని.

ఇక దుకాణాల వాళ్ల మాట. వంతెన వెడల్పుకి స్థలం పోతుందని వ్యాపారులు అభ్యంతరం చెబితే, అభివృద్ధికి అడ్డం పడుతున్నారన్న వాళ్లున్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. వంతెన ఊరందరికీ వస్తుంది, కష్టం మాత్రం ఆ రెండు పక్కల వాళ్ల మీదే పడుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకుంటే యజమానికి ఆస్తి విలువ కట్టి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలిపి ఇవ్వాలి. మునిసిపాలిటీల్లో డబ్బుకి బదులు టీడీఆర్ బాండ్లు, అంటే వేరే చోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రాలు, ఇచ్చే పద్ధతీ ఉంది. మరి అద్దెకున్నవాడి సంగతేంటి? ఇరవై ఏళ్లుగా ఒక గదిలో జిరాక్సు మిషను పెట్టుకుని పిల్లల్ని చదివించుకున్నవాడి పేరు ఏ బాండు మీదా ఉండదు. అదే చట్టం మూడో సెక్షను చూడండి. బాధిత కుటుంబం అంటే ఎవరో అక్కడ రాసి ఉంది. సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ చోటు మీదే బతుకుతూ, ఇప్పుడు జీవనాధారం దెబ్బతినే కుటుంబం కూడా అందులోకి వస్తుంది. స్థలం సొంతం కానక్కర్లేదు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక ఎంతోమంది మారు మాట్లాడకుండా షట్టరు దించి వెళ్లిపోతారు.

నడిచేవాళ్ల గురించి కూడా ఒక్క మాట. బండి ఉన్నవాళ్లు మూడొంతెనల కిందనుంచో, కంకరగుంట మీదుగానో చుట్టు తిరిగి పోతారు. పెద్ద వానొస్తే మూడొంతెనల కింద నీళ్లు నిలబడతాయి, అక్కడ మోటార్లు ముందే పెట్టి ఉంచాలి. ఆసుపత్రిలో ఉన్న మనిషికి క్యారేజీ పట్టుకుని నడిచిపోయే అమ్మ ఏం చేయాలి? రోజూ రెండుసార్లు ఆటో అంటే ఆమెకి మాటలు కాదు. పట్టాలకి అడ్డంపడి పోతే ప్రాణానికే ముప్పు. వంతెన పూర్తయ్యేదాకా నడిచేవాళ్లు పట్టాలు దాటడానికి భద్రమైన దారి ఒకటి రైల్వే వాళ్లు చూపించాలి. లేదంటే ఆసుపత్రికి ఉచితంగా ఒక బస్సు తిప్పాలి.

ఇవన్నీ కలిపి ఒక్క పేజీలో అర్జీ రాశాను. "త్వరగా పూర్తి చేయగలరు" అని అందులో రాయలేదు, ఆ వాక్యానికి ఏ ఆఫీసరూ జవాబు చెప్పాల్సిన పని ఉండదు. ఏ పని ఏ నెలకల్లా అవుతుందో తేదీలు అడిగాం. అద్దె షాపుల జాబితా తయారుచేశారా లేదా అని అడిగాం. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చి నంబరు తీసుకుందాం. అదే కాగితం ఎంపీ గారి ఆఫీసులో, ఇద్దరు ఎమ్మెల్యేల ఆఫీసుల్లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం.

అర్జీ అదిగో, ఆ బల్ల మీద ఉంది. సంతకం పక్కన ఫోను నంబరు కూడా రాయండి. అద్దెకి షాపులు నడుపుకునేవాళ్లు ముందు రండి, మీ పేర్లు పైన ఉండాలి.