‘ఖో’ అనేదాకా లేవకూడదు

నమస్తే. పద్నాలుగేళ్ల పిల్లాడు క్లాసులో కుదురుగా కూర్చోడు, నోట్స్ పూర్తిచేయడు. చాలా బళ్లలో ఏం చేస్తారు? పీఈటీ పీరియడ్‌కి పంపకుండా ఆ టైమ్‌లో నోట్స్ రాయిస్తారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉన్న పిల్లలకి ఇంతకంటే తలకిందుల వైద్యం ఉండదు.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒంటికి బాగా పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అది అందరికీ వర్తించే మాట. వీళ్లకి మాత్రం పరుగుతో పాటు ఆగడం కూడా ఉన్న ఆట కావాలి. అందుకే నేను ముందు ఖోఖో పేరే చెప్తాను.

ఒక్కసారి ఆ ఆట గుర్తు తెచ్చుకోండి. ఎనిమిది మంది వరసలో ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడొచ్చి వీపు తట్టి ‘ఖో’ అనేదాకా లేవకూడదు. అవతలి జట్టువాడు కళ్ల ముందే పారిపోతుంటాడు, కాళ్లు లాగేస్తుంటాయి, అయినా ఆగాలి! లేచాక ఒక దిక్కు పట్టుకుంటే స్తంభం దాకా వెనక్కి తిరగడానికి లేదు. ‘కదలకుండా కూర్చో’ అని ఎన్నిసార్లు అరిచినా రానిది, ఇక్కడ వాడే సాధన చేస్తాడు. ఆగకపోతే ఫౌల్ కదా! ఆటలో ఆగినవాడు మర్నాడే క్లాసులో కూడా ఆగుతాడని మాత్రం నేను హామీ ఇవ్వను.

పీఈటీ సార్లకి, మేడమ్‌లకి ఒక మాట. జట్టుకి ఐదుగురు చాలు, వంతు త్వరగా వస్తుంది. లేదంటే కూర్చున్నచోటే ధ్యాస ఎటో పోతుంది. డిస్‌లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాళ్లలో కొందరికి కుడి ఎడమ తికమక. ‘కుడివైపు పరుగెత్తు’ అనకుండా ‘వేపచెట్టు వైపు’ అనండి. రూల్స్ ఒక్కొక్కటే ఆడి చూపించండి. జట్లు మాత్రం చీటీలు తీసి వేయండి. పిల్లల్నే ఎంచుకోమంటే ఎప్పుడూ చివర్లో మిగిలేది వీడే. ఆ వయసులో ఆ అవమానం తట్టుకోలేక కడుపునొప్పి అని చెప్పి గ్రౌండ్‌కి రావడమే మానేస్తాడు.

నలుగురే ఉంటే నేల-బండ ఆడించండి. విజిల్ ఊదగానే నేల బండ అయిపోవాలి, బండ నేల అయిపోవాలి. ‘చిన్నపిల్లలాట’ అని మొహం తిప్పుకుంటారనుకోండి, విజిల్ వాళ్ల చేతికే ఇచ్చి రూల్స్ వాళ్లనే పెట్టమనండి. కోలాటం కూడా మంచిదే, మగపిల్లలకి కూడా.

ఇక బ్రెయిన్ జిమ్. కుడి మోచెయ్యి ఎడమ మోకాలికి ఆనిస్తే చదవడం వచ్చేస్తుందని ఫీజులు కట్టించుకుంటారు. దానికి గట్టి ఆధారాల్లేవు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకి అక్షరాన్నీ శబ్దాన్నీ కలిపి ఓపిగ్గా నేర్పే టీచరు కావాలి, ఏ ఆటా ఆ పని చేయదు. ఏడీహెచ్‌డీకి మందులు వాడుతుంటే డాక్టర్ని అడగకుండా ఆపకండి.

ఇంట్లో హోంవర్క్‌కి ముందు ఓ పావుగంట ఆడనివ్వండి. నీళ్లు తాగి, చెమట ఆరగానే కష్టమైన సబ్జెక్టే ముందు తీయించండి. ఆ చురుకు ఎక్కువసేపు ఉండదు.