ఆరుద్ర పురుగుకు ఆ పేరెట్లా వచ్చింది
(దర్శిలో తెలుగు భాషా దినోత్సవం నాటి ప్రసంగం)

పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కాబట్టి ఆయన గురించి మాట్లాడమన్నారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఆయన, అందుకే నేను ఒక వాడుక మాటే పట్టుకొచ్చాను. ఆరుద్ర పురుగు.

ఎంతమంది చూశారు? చేతులెత్తండి. పిల్లల్లో ఒక్కరూ ఎత్తలేదు, చూడండి.

మా మెట్టచేలో తొలి వాన పడిన మర్నాడు మా అవ్వ నన్ను గట్టు మీదికి తీసుకుపోయేది. తడిసిన ఎర్రమట్టి మీద శనగగింజంత పురుగు, మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టు ఎర్రగా. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని ఉండలాగా అయిపోయేది. అరచేతిలో పెట్టుకుని కదలకుండా ఉంటే కాసేపటికి ఒక్కో కాలూ బయటికి తీసి నడిచేది, ఆ గిలిగింత ఇప్పటికీ గుర్తే. "ఆరుద్ర వచ్చిందిరా, పోయి మీ నాయనకు చెప్పు" అనేది అవ్వ.

ఆర్ద్ర అంటే తడి. అదే మన నోట్లో ఆరుద్ర అయింది. ఆర్ద్ర ఒక నక్షత్రం పేరు కూడా, జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆ నక్షత్రంలోకి వస్తాడు, అక్కణ్ణుంచి రెండు వారాలు ఆరుద్ర కార్తె, అప్పుడు కనబడేది కాబట్టి ఆరుద్ర పురుగు. సంస్కృతంలో ఇంద్రగోపం అన్నారు, అక్కడా వానదేవుడే. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, జూన్‌లో నాలుగు చినుకులు పడితే మెట్టరైతుకు ఎంత ధైర్యమో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు నా బాధ. బడి పరీక్షలో వానాకాలంలో కనిపించే ఒక జీవి పేరు రాయమంటే మా అమ్మాయి ఆరుద్ర పురుగు అని రాసింది. దాన్ని కొట్టేసి పక్కన 'రెడ్ వెల్వెట్ మైట్' అని రాసి సున్నా వేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది అసలు కీటకం కాదమ్మా, ఎనిమిది కాళ్లున్నాయి, సాలీడు చుట్టం, మట్టిలో పురుగుల గుడ్లు తిని బతుకుతుంది అని చెప్పి ఉంటే దండం పెట్టేవాణ్ణి. ఆ ఇంగ్లీషు పేరు రంగు చెబుతుంది, నునుపు చెబుతుంది. మన పేరు ఎప్పుడొస్తుందో చెబుతుంది, తేదీతో సహా. అట్లాంటి మాటకు సున్నానా?

అయ్యవార్లకు ఒక్క మనవి. వచ్చే జూన్ చివర్లో వాన పడిన మర్నాడు పిల్లలకు ఒక్క పీరియడు వదలండి. గట్టు చూపించడానికి నేనొస్తాను, కబురు పెట్టండి చాలు.