యెహోవా పక్కన అషేరా: పురాతన ఇశ్రాయేలులో దేవత ఉండేదా?

(స్టూడియో చర్చ పూర్తి పాఠం. పాల్గొన్నవారు: పురావస్తు శాస్త్రం బోధించే అధ్యాపకురాలు, సెమినరీలో హీబ్రూ బోధించే పాస్టర్, మత చరిత్ర పరిశోధకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. సినాయి ఎడారిలో కుంతిల్లత్ అజ్రూద్ అనే చోట 1975–76లో జెవ్ మెషెల్ బృందం తవ్వకాలు జరిపింది. అక్కడ దొరికిన పెద్ద నిల్వ కుండ ఒకదాని మీద ఎర్ర సిరాతో ఒక దీవెన రాసి ఉంది. ‘షోమ్రోను యెహోవా పేరిట, ఆయన అషేరా పేరిట మిమ్మల్ని దీవిస్తున్నాను’ అని దాని సారం. షోమ్రోను అంటే ఉత్తర ఇశ్రాయేలు రాజధాని. ఈ రాత్రి చర్చ ఆ రెండో పేరు గురించి. మేడం, సూటిగా అడుగుతాను. యెహోవాకు భార్య ఉండేదా?

అధ్యాపకురాలు: సూటి జవాబు ఉంటే ఇన్నేళ్లుగా పండితులు కొట్లాడుకునేవారు కాదు. ముందు ఆ చోటేమిటో చెప్పనివ్వండి. అది ఎడారి దారి పక్కన, కొండ మీద కట్టిన చిన్న కట్టడం. కాలం సుమారు క్రీ.పూ. 800. గోడల పూత మీదా, కుండల మీదా రాతలున్నాయి, బొమ్మలున్నాయి. దూడకు పాలిచ్చే ఆవు, చెట్టుకు అటూ ఇటూ నిలబడ్డ కొండమేకలు, వీణలాంటి వాద్యం మీటుతూ కూర్చున్న మనిషి. ‘తేమాను యెహోవా, ఆయన అషేరా’ అనే మాట కూడా అక్కడే ఉంది. తేమాను అంటే దక్షిణ ప్రాంతం. అంటే ఇది ఎవరో ఒకరు పొరపాటున రాసింది కాదు, వాడుకలో ఉన్న దీవెన.

వ్యాఖ్యాత: ఆ రాత కిందే నిలబడ్డ రెండు బొమ్మలున్నాయట కదా? యెహోవా, అషేరా వాళ్లే అని అంతర్జాలంలో తెగ తిరుగుతోంది.

అధ్యాపకురాలు: ఆ ప్రచారం నాకు చిరాకు తెప్పిస్తుంది. ఆ బొమ్మలు ఈజిప్టు దేవుడు బెస్‌ను పోలి ఉన్నాయి. వెడల్పు ముఖం, నడుం మీద చేతులు. రాత, బొమ్మ ఒకే సమయంలో పడినవని కూడా చెప్పలేం. రాతలోని అక్షరాలు బొమ్మ తలపాగా మీదికి ఎక్కాయి. బొమ్మను పక్కన పెట్టినా రాత మిగులుతుంది. అది చాలు.

పాస్టర్: రాత మిగులుతుంది, నేనూ కాదనను. కానీ అందులో ఉన్నది ‘ఆయన అషేరా’. హీబ్రూలో మనిషి పేరుకో దేవుడి పేరుకో ‘ఆయన’ అనే ప్రత్యయం తగిలించరు. కాబట్టి ఇక్కడ అషేరా అంటే దేవత కాదు, ఆరాధనా స్థలంలో నిలబెట్టే కొయ్య స్తంభం అని నేను చదువుతాను. మన తెలుగు బైబిల్లో ‘దేవతాస్తంభము’ అని ఉండేది దాని గురించే.

పరిశోధకుడు: వ్యాకరణం మీ వైపే ఉంది, పాస్టర్ గారూ. స్తంభమే అనుకుందాం. ఆ స్తంభం ఎవరిది? ఉగారిత్ అనే పట్టణం సిరియా తీరంలో 1928లో రైతు నాగలికి తగిలి బయటపడింది. అక్కడి మట్టి పలకల్లో అథిరత్ అనే దేవత ఉంది. పెద్ద దేవుడు ఏల్‌కు ఆమె భార్య, దేవతల తల్లి, ఆమె కొడుకులు డెబ్బై మంది. అదే పేరు హీబ్రూలో అషేరా అయింది. యెహోవాను, ఏల్‌ను ఇశ్రాయేలీయులు ఒకే దేవుడిగా ఎంచారు. ఏల్ బిరుదులన్నీ యెహోవాకు వచ్చాయి. అలాంటప్పుడు ఏల్ పక్కనున్న ఆమె ఎక్కడికి పోతుంది?

పాస్టర్: అది ఊహ.

పరిశోధకుడు: ఊహే. కానీ హెబ్రోనుకు పడమరన ఖిర్బెత్ ఎల్ కోమ్‌లో ఒక సమాధి రాత ఉంది. 1967లో విలియం డీవర్ పరిశీలించింది. ఊరియాహు అనే మనిషిని యెహోవా దీవించాడనీ, ఆయన అషేరా ద్వారా శత్రువుల నుంచి కాపాడాడనీ అందులో ఉంది. కింద అరచేయి బొమ్మ చెక్కారు. అది క్రీ.పూ. 8వ శతాబ్దం, యూదా రాజ్యం నడిబొడ్డు. కొయ్యకు మనిషిని కాపాడే శక్తి ఉందని నమ్మారంటే ఆ కొయ్యలో ఎవరో ఉన్నారనే కదా అర్థం?

అధ్యాపకురాలు: నా దృష్టిలో ఈ స్తంభమా దేవతా అన్న పేచీ కాస్త అతిగా సాగింది. పూజించేవాళ్లకు ఆ తేడా ఉండి ఉండదు.

వ్యాఖ్యాత: మన దగ్గర అమ్మవారి రాయి, అమ్మవారు ఒకటే అయినట్టు?

అధ్యాపకురాలు: మీరు ఆ మాట అంటారని తెలుసు. (నవ్వు) ఆ పోలికతో ఎక్కువ దూరం వెళ్లకండి. అక్కడి చరిత్ర వేరు, ఆ ఆరాధనను కూల్చినవాళ్లు వేరు. దాన్ని దానిగానే చూద్దాం.

వ్యాఖ్యాత: సరే. పాస్టర్ గారూ, సంఘాల్లో మామూలుగా వినేది ఏమిటంటే, అషేరా కనానీయుల దేవత, బయటి నుంచి వచ్చిన చెడు, ప్రవక్తలు దాన్ని ఊడ్చేశారు అని.

పాస్టర్: నేను కూడా ఏళ్ల తరబడి అలాగే బోధించాను. ఇప్పుడు బోధించను. ఎందుకంటే బైబిలే ఆ మాటకు అడ్డు నిలుస్తుంది. యెహూ కథ చూడండి. 2 రాజులు 10లో ఇశ్రాయేలు రాజైన అతను, బయలు అనే కనానీయుల దేవుడి ఆరాధకులను నరికి, గుడిని కూల్చి, మరుగుదొడ్డిగా మార్చేశాడు. యెహోవా మీద అంత రోషం ఉన్న మనిషి. అయినా అతని కొడుకు కాలం గురించి చెప్పే 13వ అధ్యాయంలో, షోమ్రోనులో అషేరా స్తంభం నిలిచే ఉందని రాశారు. బయలును వేర్లతో పెరికినవాడు అషేరాను ముట్టుకోలేదు.

పరిశోధకుడు: ఏలీయా ప్రవక్త బయలు ప్రవక్తలతో తలపడిన కర్మెలు కొండ మీద కూడా అంతే. బయలు ప్రవక్తలు 450 మంది, అషేరా ప్రవక్తలు 400 మంది అని కథ మొదట్లో లెక్క చెప్పారు. చివర్లో ఏలీయా పట్టించింది, చంపించింది బయలు ప్రవక్తలనే. ఆ 400 మంది ఏమయ్యారో కథ చెప్పదు. అషేరా వాళ్ల కళ్లకు బయలు పక్షం కాదు, యెహోవా పక్షం. ఎడారి కుండ మీద ‘షోమ్రోను యెహోవా’ అని చదివినప్పుడు ఈ షోమ్రోను స్తంభం గుర్తుకు రావాలి.

అధ్యాపకురాలు: యెరూషలేములోనూ అషేరా గుడికి బయట లేదు. యూదా రాజు ఆసా కాలంలో రాజమాత మయకా ఆమెకోసం ఒక విగ్రహం చేయిస్తే రాజు దాన్ని కాల్చి, మయకాను పదవి నుంచి తీసేశాడు. తర్వాతి కాలపు రాజు మనష్షే ఆమె ప్రతిమను దేవాలయంలోనే నిలిపాడు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు దాన్ని బయటికి తీయించి, కిద్రోను వాగు దగ్గర కాల్చి, పొడి చేయించాడు. అక్కడే ఒక వాక్యం ఉంది. దేవాలయ ఆవరణలో అషేరాకోసం స్త్రీలు నేత నేసేవారట. నేసింది వస్త్రాలా, గుడారాలా అని వాదనలున్నాయి. నాకు మాత్రం ఆ మగ్గాలున్న గదుల మీదే ఆసక్తి. సొలొమోను గుడి లోపల స్త్రీలకు పని, చోటు, జీవనం ఉండేవి. ఒక్క రాజాజ్ఞతో పోయాయి.

పాస్టర్: ఆ గదుల గురించి అదే వాక్యం చెప్పే మిగతా మాట కూడా చదవాలి మేడం. అవి పురుష వ్యభిచారుల గదులని ఉంది.

అధ్యాపకురాలు: ఉంది. గెలిచినవాళ్లు రాసిన మాట అది. ఆ కాలపు ప్రత్యర్థులను తిట్టడానికి ఆ మాట తరచూ వాడారు. నేను దాన్ని సాక్ష్యంగా తీసుకోను.

పాస్టర్: నాకు కావలసిన వాక్యం తీసుకుని, వద్దనుకున్నది వదిలేస్తానంటే అదీ కష్టమే కదా.

వ్యాఖ్యాత: ఇక్కడ ఒక ఫోను కాల్ తీసుకుందాం. గుంటూరు నుంచి ఒక వీక్షకురాలు. అమ్మా, చెప్పండి.

వీక్షకురాలు: నమస్కారమండీ. దేవత ఉన్న రోజుల్లో ఆడవాళ్లకు గౌరవం ఉండేదా? దేవతను తీసేశాక పోయిందా?

అధ్యాపకురాలు: అలా చెప్పడానికి నాకు ఆధారం లేదమ్మా. ఉగారిత్‌లో దేవతలకు కొదవలేదు, రాజ్యం మగవాళ్లదే. కానీ ఇంటి సంగతి కొంత తెలుసు. యూదాలో 8 నుంచి 6వ శతాబ్దం వరకు మట్టి బొమ్మలు ఇళ్లలో విరివిగా దొరికాయి. ఎనిమిది వందలకు పైనే. కింద గుండ్రటి కాండంలాంటి భాగం, పైన రొమ్ములను చేతులతో పట్టుకున్న స్త్రీ. తెల్లటి పూత, రంగుల జాడలు ఉన్నాయి. ఎక్కువ శాతం విరిగిపోయి దొరికాయి. ఒక్క దాని మీదా పేరు లేదు. అషేరా అని కొందరు, తల్లుల మొక్కు బొమ్మలని ఇంకొందరు. పాలు, పురుడు, పిల్లల బతుకు వీటికి సంబంధించినవని నేననుకుంటాను. అంతకు మించి ముందుకు పోను.

పరిశోధకుడు: ఆ తల్లికి జవాబు యిర్మీయా 44లో ఉంది. బాబిలోను చేతిలో యెరూషలేము పడిపోయాక కొందరు ఈజిప్టుకు పారిపోయారు. యిర్మీయా ప్రవక్త వాళ్లను నిలదీస్తాడు, ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేసినందుకే ఈ గతి పట్టిందని. వాళ్లు తలవంచుకోలేదు. మేము, మా పితరులు, మా రాజులు, మా అధిపతులు ఆమెకు ధూపం వేసినప్పుడు కడుపునిండా తిన్నాం, కీడు ఎరగం, అది మానినప్పటి నుంచే కత్తికీ కరవుకూ బలవుతున్నాం అని ఎదురు చెబుతారు. ఆడవాళ్లు ఇంకో మాట కలుపుతారు, ఆమె రూపంతో పిండివంటలు చేసింది మా భర్తలకు తెలియకుండానా అని. యోషీయా సంస్కరణను ప్రవక్త ఒకలా చదివాడు, ఇంట్లో పొయ్యి ముందున్న మనిషి ఇంకోలా చదివింది. ఆకాశరాణి, అషేరా ఒకరేనా, లేక ఆమె అష్తారోతు అనే ఇంకో దేవతా అన్నది వేరే వాదన.

పాస్టర్: ఆ జవాబును బైబిలు చెరపలేదన్నది నేను గమనించమంటాను. ఓడిపోయినవాళ్ల మాటను వాళ్ల నోటితోనే రాసిపెట్టారు. యిర్మీయా దానికి ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. ఏకదేవుడే నా విశ్వాసం. కానీ ఆ విశ్వాసం ఒక్క రోజులో దిగిరాలేదు. సొంత ఇంట్లో గట్టిగా పోట్లాడాక నిలబడింది.

వ్యాఖ్యాత: పోట్లాట ముగిశాక ఆ స్త్రీ లక్షణం పూర్తిగా పోయిందా?

పాస్టర్: దేవుడిలోకే వచ్చింది. యెషయా 42లో ప్రసవవేదన పడే స్త్రీలా అరుస్తాను అంటాడు దేవుడు. 49లో, తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను నిన్ను మరువను అంటాడు. 66లో, తల్లి ఆదరించినట్లు ఆదరిస్తాను అంటాడు. హోషేయ 14లో నేను పచ్చని చెట్టును అంటాడు. స్తంభాన్ని నరికిన చోట ఆ మాట ఎందుకు వచ్చిందో ఆలోచించండి. సామెతల్లో జ్ఞానం ఒక స్త్రీ, సృష్టికి ముందే దేవుడి దగ్గర ఉన్నది, ఆమెను పట్టుకున్నవారికి జీవవృక్షం.

పరిశోధకుడు: యూదుల్లో 13వ శతాబ్దపు స్పెయిన్‌లో కబ్బాలా అనే మార్మిక సంప్రదాయం వికసించాక షెఖీనా, అంటే దేవుని సన్నిధి, పూర్తిగా స్త్రీ అయింది. అది నేరుగా అషేరా కొనసాగింపు అని నేను అనను. మధ్యలో రెండు వేల ఏళ్లు. దగ్గరి ఉదాహరణ కావాలంటే నైలు నదిలోని ఎలిఫెంటైన్ దీవి చాలు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడి యూదు సైనికులకు యాహో గుడి ఉండేది. యెహోవానే వాళ్లు అలా పిలిచేవారు. చందాల పద్దు ఒకటి దొరికింది. యాహోకు 126 షెకెళ్ల వెండి, అనత్‌బేతేలు అనే దేవతకు 120, ఎషెంబేతేలు అనే ఇంకో దేవుడికి 70.

వ్యాఖ్యాత: దేవతకు ఆరు షెకెళ్లే తక్కువా!

పరిశోధకుడు: ఆరే. పైగా వాళ్ల గుడిని 410లో పగలగొట్టినప్పుడు సహాయం కోరుతూ యెరూషలేము యాజకులకు ఉత్తరం రాశారు. తాము దారి తప్పామని వాళ్లకు అనిపించనే లేదు.

పాస్టర్: యాజకులు జవాబు రాయలేదని కూడా చెప్పండి. తర్వాతి విన్నపంలో వాళ్లే ఫిర్యాదు చేశారు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. గుంటూరు నుంచి మాట్లాడినవారు ఇవన్నీ ఎక్కడ చూడవచ్చని మళ్లీ అడుగుతున్నారు.

అధ్యాపకురాలు: ఊరియాహు సమాధి రాయి, మట్టి బొమ్మలు యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి. అజ్రూద్ కుండలను చూద్దామని అక్కడికి వెళ్లకండి. సినాయి ఇజ్రాయెల్ చేతి నుంచి ఈజిప్టుకు తిరిగి వెళ్లాక, 1990లలో ఆ తవ్వకాల వస్తువులు కూడా ఈజిప్టుకే వెళ్లాయి. 2012లో అచ్చయిన తవ్వకాల నివేదికలో ఫొటోలు స్పష్టంగా ఉన్నాయి, అవి చూస్తే మేలు.