భయపెట్టి అమ్మే బలం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించే ఆనవాయితీని ఈ రోజుకు పక్కన పెడుతున్నాను, వారు మన్నించాలి. ధన్వంతరి జయంతి సందర్భంగా వాజీకరణం, అంటే లైంగిక శక్తిని పెంచే చికిత్స, మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆయుర్వేదంలోని అష్టాంగాలలో అది ఒకటి. చరకుడు చికిత్సాస్థానం రెండో అధ్యాయాన్ని నాలుగు పాదాలు చేసి దానికే కేటాయించాడు. ఏ యోగంలో, అంటే ఏ మందుల కూర్పులో, ఏ ద్రవ్యం పడుతుందో చెప్పడానికి కాగితాలు కూడా తెచ్చుకున్నాను. కాని ముందు వరుసల్లో ఇంతమంది విద్యార్థులను చూశాక, చాలాకాలంగా నన్ను బాధపెడుతున్న సంగతి ముందు చెప్పాలనిపిస్తోంది.

మన దగ్గరికి వచ్చే యువకులు ఎలా మొదలుపెడతారో మీరు త్వరలోనే వింటారు. తల వంచుకుని కూర్చుంటారు. "నరాల బలహీనతండి" అంటారు. కాసేపు ఆగి, "చిన్నప్పటి అలవాటు వల్ల" అంటారు. గోడల మీది రాతలు, కరపత్రాలు, ఇప్పుడు ఫోన్లలో వచ్చే వీడియోలు వాళ్లకు నేర్పిన మాటలు ఇవే. ఒక్క చుక్క వీర్యానికి ఇన్ని చుక్కల రక్తం ఖర్చవుతుందన్న లెక్క కూడా అక్కడిదే. చరకంలో గాని, సుశ్రుతంలో గాని ఆ లెక్క లేదు. ఉన్నది ఆహారం రసమై, రక్తమై, క్రమంగా ఏడో ధాతువు శుక్రమవుతుందన్న వివరణ. పాలలో నెయ్యిలా శుక్రం శరీరమంతటా వ్యాపించి ఉంటుందని సుశ్రుతుడు చెప్పాడు. ఒకచోట నిలవ ఉండి, కారిపోతే ఖాళీ అయ్యే వస్తువని చెప్పలేదు.

ఒక యువకుడి గురించి చెబుతాను. పాతికేళ్లు కూడా ఉండవు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. పేజీలనిండా తేదీలు, కొన్ని తేదీల పక్కన ఎర్ర సిరాతో చుక్కలు. స్వప్నస్ఖలనమైన ప్రతి రాత్రికీ ఒక చుక్క! "నాలో ఇంకేమీ మిగల్లేదు డాక్టరుగారూ" అన్నాడు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, ఏ పనీ చేయబుద్ధి కాదు. కలలు రాకూడదని పాలు, నెయ్యి మానేశాడు, రాత్రి భోజనం కూడా మానేశాడు. ఎవరో ఇచ్చిన లేహ్యం మాత్రం రెండు పూటలా తింటున్నాడు.

కింది కనురెప్ప లాగి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్లూ అంతే. విరేచనం ఎలా అవుతోందని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. నోటుపుస్తకం మూసేసి, నేల చూస్తూ, "రక్తం పడుతుందండి" అన్నాడు. ఎప్పటినుంచి? చాలా రోజులుగా. ఎవరికైనా చెప్పావా? ఎవరూ అడగలేదు! రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. మొలల నుంచి రోజూ నెత్తురు పోతుంటే ఆ పిల్లవాడు లెక్కపెట్టుకుంటున్నది ఎర్ర సిరా చుక్కలను. రక్తార్శస్సు ఉన్నవాడికి వేడి చేసే ద్రవ్యాలున్న లేహ్యం ఇచ్చినవారు తమను వైద్యులమని చెప్పుకుంటారు! ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పెరుగుతుంది, మన్నించండి.

శాస్త్రం అతిని ఒప్పుకోదు, నిజమే. శుక్రక్షయ లక్షణాలలో దౌర్బల్యం, నోరు ఎండటం, ఒళ్లు పాలిపోవడం, అలసట ఉన్నాయి. అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడు సంభోగానికి ఋతువులవారీగా హద్దు చెప్పాడు: హేమంత శిశిరాలలో ఇష్టానుసారం, వసంత శరత్తులలో మూడు రోజులకు ఒకసారి, వర్ష గ్రీష్మాలలో పక్షానికి ఒకసారి. ఎండాకాలంలో దేహబలం తగ్గి ఉంటుంది కనుక ఆ జాగ్రత్త. ఆకలితో, దప్పికతో, రోగంతో, దుఃఖంతో ఉన్నప్పుడు వద్దన్నారు. అయితే ఆపుకోకూడని పదమూడు వేగాలలో, అంటే ఒంటి సహజమైన ఒత్తిళ్లలో, శుక్రవేగాన్ని కూడా చరకుడు చేర్చాడు. ఆపితే వృషణాలలో నొప్పి, ఒళ్లు నొప్పులు, గుండెలో బాధ, మూత్రం సరిగా రాకపోవడం కలుగుతాయని రాశాడు. భయపెట్టేవాళ్లు ఈ శ్లోకం చెప్పరు.

ఇంకొకటి చూడండి. రాజయక్ష్మ, అంటే క్షయరోగం, చికిత్స చెప్పేచోట శుక్రం, ఓజస్సు దేనివల్ల తగ్గుతాయో చెబుతూ చరకుడు ఈర్ష్య, ఉత్కంఠ, భయం, క్రోధం, శోకం అని మొదలుపెట్టి, ఆ తరువాతే అతిమైథునం, ఉపవాసం అన్నాడు. భయం ముందుంది! సూత్రస్థానంలో శ్రేష్ఠమైనవాటిని ఏకరువు పెట్టేచోట "సంకల్పో వృష్యాణాం, దౌర్మనస్యమవృష్యాణాం" అన్నాడు. వృష్యాలన్నింటిలో, అంటే లైంగిక శక్తిని పెంచేవాటిలో, మనసులోని కోరికే మేటి, దిగులే అన్నింటికన్నా పెద్ద శత్రువు. దిగులు కలిగించి ఆపైన మందు అమ్మేవాడు శాస్త్రం ప్రకారమే రోగం కలిగిస్తున్నాడు. ఆధునిక మనోవైద్యం కూడా దీన్ని గుర్తించింది. వీర్యం పోతోందన్న భయంతో వచ్చే నీరసానికి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

చట్టం లేక కాదు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మంత్రతంత్ర చికిత్సల చట్టం నిషేధించింది. అయినా రాతలు ఆగలేదు. కొన్ని "మూలికా" మాత్రలలో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును రహస్యంగా కలుపుతారు. గుండెజబ్బుకు నైట్రేట్లు వాడుతున్న మనిషి అది మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు.

మరి తిరిగి శక్తి ఎలా వస్తుంది? వాగ్భటుడు చెప్పినది ఎంత సాదాగా ఉందో వినండి. స్నానం, చల్లని గాలి, కలకండ కలిసిన తీపి పదార్థం, చల్లని నీరు, పాలు, మాంసరసం, ఆపైన నిద్ర. ఇలా చేస్తే దేహబలం త్వరగా తిరిగి వస్తుందన్నాడు. త్వరగా! నెలల తరబడి కోర్సు అనలేదు. అలసట తీర్చేవాటిలో స్నానమే శ్రేష్ఠమని చరకుడి మాట. అలా కాక నీరసం వారాల తరబడి వదలకపోతే రక్తం, థైరాయిడ్, చక్కెర చూడాలి, నిద్ర గురించి, దిగులు గురించి అడగాలి. అశ్వగంధ కూడా అందరికీ కాదు. థైరాయిడ్ మందులు వాడేవారు, కాలేయ జబ్బున్నవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

అక్కా చెల్లెళ్లు కొందరు వెనక కూర్చున్నారు. ఇంతసేపూ మగవాడి బలమే మాట్లాడాను, నిజానికి ఈ చర్చలన్నీ అలాగే సాగుతాయి. ఇష్టంలేని స్త్రీని సమీపించకూడదని చరకుడు సద్వృత్తంలో, అంటే మంచి నడవడి చెప్పేచోట, స్పష్టంగా చెప్పాడు. రోజంతా చాకిరీ చేసి, నెలనెలా రక్తం పోయి, సరైన తిండి లేని ఇల్లాలు "ఈ రోజు వద్దు" అంటే ఆమెకు కోరిక లేదని మందు అడిగే భర్తలు వస్తారు. ఆమెకు కావలసింది ముందు ఇనుము, ఆ తరువాత నిద్ర, పనిలో చేయందించే మనిషి. విద్యార్థులారా, అటువంటి భర్త వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టండి. ఆమె చెప్పేది ముందు వినండి.

వాజీకరణ యోగాల కాగితాలు నిర్వాహకులకు ఇస్తాను, నకళ్లు తీసుకోండి. మిగిలిన సమయం ప్రశ్నలకు. పైకి అడగలేనివారు చీటీ మీద రాసి పంపండి, పేరు రాయనక్కరలేదు.